కార్డు వెనకవైపు

నా బైబిలు అట్ట లోపలి అరలో పదకొండు వాగ్దాన కార్డులున్నాయి. తెలుగు సంఘాల్లో పెరిగినవాళ్ళకు వీటి గురించి చెప్పనక్కర్లేదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పన్నెండు కొట్టాక, అందరూ మోకాళ్ళ మీంచి లేచి ఒకరికొకరు వందనాలు చెప్పుకుంటారు. ఆ తర్వాత సంఘ పెద్దలు పళ్ళెంలో బోర్లించిన కార్డులు పట్టుకుని వరసల మధ్య తిరుగుతారు. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకుంటాం. ముందువైపు గులాబీలో, కొండలో ఏదో ఒక బొమ్మ, దానిమీద ఒక వాక్యం. ఆ ఏడాదికి దేవుడు నాతో అన్న మాట అది. వెనకవైపు ఖాళీ.

ఆ ఖాళీలో నేను రాసుకునేవాణ్ణి. 2001 నుంచి 2011 దాకా పదకొండు కార్డుల వెనక, నీలం సిరాతో, ఇంచుమించు ఒకే మాట: ఇక ముట్టను. కొన్నిటిమీద తేదీ, సంతకం కూడా ఉన్నాయి. 2006 నాటి కార్డుమీద మా పెద్దమ్మాయి పేరు రాసి, దాని తోడని ఒట్టు పెట్టుకున్నాను. అప్పటికి దానికి మూడేళ్ళు. ఆ ఒట్టు తొమ్మిది రోజులు నిలిచింది.

మొదట్లో శనివారం మాత్రమే తాగేవాణ్ణి. మా ఊళ్ళో కాదు, ఆఫీసున్న ఊళ్ళో, నన్నెవరూ ఎరగని షాపులో. ఒక క్వార్టరు. తర్వాత సోంపు నమిలి బస్సెక్కేవాణ్ణి. ఆదివారం పొద్దున తెల్లచొక్కా వేసుకుని క్వయర్‌లో ముందు వరసలో నిలబడి పాడేవాణ్ణి. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల. ద్రాక్షరసం గిన్నె నా దాకా వచ్చేసరికి చెయ్యి వణికేది. చూసినవాళ్ళు అది భక్తి వల్ల అనుకుంటారని నమ్మేవాణ్ణి.

అగస్టీను తన ఒప్పుకోళ్ళ పుస్తకంలో ఈ స్థితిని వర్ణించినట్టు ఇంకెవరూ వర్ణించలేదు. ఆయన నాలుగో శతాబ్దపు ఉత్తర ఆఫ్రికా మనిషి, గొప్ప పండితుడు. 386లో, ముప్పై ఒక్క ఏళ్ళ వయసులో, మిలాన్ నగరంలో ఉండి, క్రీస్తును వెంబడించాలని కోరుకుంటూనే, శరీరపు అలవాటును వదల్లేక అల్లాడిపోయాడు. వక్రించిన ఇష్టం నుంచి ఆశ, ఆశకు లొంగగా లొంగగా అలవాటు, అలవాటును ఎదిరించకపోతే అది తప్పనిసరి. ఇలా ఒకదానికొకటి తగులుకున్న కడియాలు గొలుసై తనను బిగించాయని ఆయన రాసుకున్నాడు. నేను దాన్ని చదివిన రోజున లెక్క వేసుకున్నాను. శనివారం తాగాలనిపించి తాగింది మొదటి కడియం. తాగాలనిపించకపోయినా శనివారం కాబట్టి తాగింది రెండోది. మంగళవారం కూడా శనివారంలా తోచడం మూడోది. మూడోదాని దగ్గరకొచ్చేసరికి ఇష్టం అనేది మిగల్లేదు. బయటివాళ్ళకు ఇది అర్థం కాదు. రుచి మరిగి తాగుతున్నాడని అంటారు. చివరి అయిదేళ్ళలో ఒక్క గుక్క కూడా నాకు రుచించలేదు.

మరి ఆ ఒట్లన్నీ అబద్ధాలా అంటే, కావు. ఆ అర్ధరాత్రి నేను కార్చిన కన్నీళ్ళు నిజమైనవే. గుండెమీంచి బండ దిగినట్టుండేది. అయితే ఆ కార్డు ఇంకొకరి కంట పడకుండా జాగ్రత్తపడేవాణ్ణి. పాపం దేవుడి దగ్గర ఒప్పుకుంటే చాలదా, మనుషులకెందుకు అనుకునేవాణ్ణి. వినడానికి ఇది ఎంతో భక్తిగల మాట. నా విషయంలో మాత్రం అది దాక్కోవడానికి దొరికిన చోటు. దేవుడు క్షమిస్తాడని తెలుసు కాబట్టి ఆయన దగ్గరికి వెళ్ళేవాణ్ణి. రేపు మళ్ళీ ఏమైందిరా అని అడిగే మనిషి దగ్గరికి మాత్రం వెళ్ళేవాణ్ణి కాదు.

2011 చివరికి తాగుడు శనివారాలు దాటి రోజూ అయింది, క్వార్టరు పోయి హాఫ్ దాటింది. పొద్దున రెండు గుక్కలు పడితేగాని గడ్డం గీసుకునే చెయ్యి నిలిచేది కాదు. ఆ డిసెంబరు 31 రాత్రి పదకొండో కార్డు వెనక రాసి, ఇంటికొచ్చి, మిగిలిన సీసా దొడ్లో పారబోసి, మూడు రోజుల ఉపవాసం పట్టాను. నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఒకటో తారీకు సాయంత్రానికి వణుకు మొదలైంది. రెండో రోజు చెమటలు, కన్ను మూతపడలేదు. సాతాను పోరాడుతున్నాడనుకుని ఇంకా గట్టిగా ప్రార్థించాను. మూడో రాత్రి గోడమీద చీమలు కనపడ్డాయి. బారులు బారులుగా మంచం కోళ్ళు ఎక్కి నామీదికి వస్తున్నాయి. గుమ్మంలో మా నాన్న నిలబడి పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఆయన పోయి అప్పటికి పధ్నాలుగేళ్ళు.

నా అరుపులకు ఇరుగుపొరుగు వచ్చారు. దయ్యం పట్టిందన్నారు. ప్రార్థన చేసేవాళ్ళు వచ్చి తలమీద చేతులుంచి గద్దించారు. వాళ్ళ ప్రేమను నేను ఏనాడూ తప్పుపట్టను. కానీ మా బావమరిది వాళ్ళను జరిపి, నన్ను ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోకపోయుంటే ఇది రాయడానికి నేనుండేవాణ్ణి కాదు.

డాక్టరమ్మ నా భార్యకు చెప్పింది, తేరుకున్నాక నాకూ చెప్పింది. ఏళ్ళ తరబడి రోజూ తాగితే ఆ మందు మెదడును తొక్కిపట్టి ఉంచుతుంది. మెదడు ఆ తొక్కుడుకు ఎదురుగా తన వేగం పెంచుకుంటుంది. మందు ఒక్కసారిగా ఆపేస్తే తొక్కిపట్టేది పోతుంది, వేగం అలాగే ఉండిపోతుంది. అప్పుడే వణుకు, చెమటలు, కొందరికి మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్, రెండు మూడు రోజులు గడిచాక లేనివి కనపడటం, వినపడటం. ప్రాణం పోవచ్చు. తాగేవాళ్ళ ఒంట్లో బి1 విటమిన్ అసలే తక్కువ, దానిమీద నేను తిండి కూడా మానేశాను. “మానడం మంచిదేనండీ. కానీ మానే ముందు ఇక్కడికి రావాల్సింది. వారం రోజులు మాత్రలిచ్చి మెల్లగా దించేవాళ్ళం,” అంది ఆవిడ.

ఈ సంగతి ప్రతి సంఘంలో, ప్రతి ఉపవాస కూడికలో చెప్పాలని నా కోరిక. రోజూ తాగేవాణ్ణి నిలబెట్టి ఈ క్షణం నుంచి మానేయమనడం విశ్వాసంగా తోస్తుంది. ఆ మనిషికి డాక్టరు అవసరం. దేవుడు సెలైన్ సీసా ద్వారా పని చేస్తే ఆయన మహిమ తగ్గదు. ఇంకో సంగతి కూడా ఉంది. బస్టాండు గోడమీద నంబరు చూసి, తెలియకుండా తాగుడు మాన్పించే పొడి అంటే డబ్బు పంపి తెప్పించి, మా ఇంటావిడ రెండేళ్ళ ముందే నా కూరలో కలిపిందట. ఆసుపత్రిలో ఏడుస్తూ చెప్పింది. అటువంటి పొడుల్లో డైసల్ఫిరామ్ ఉంటే, అది తెలియక పైన మందు తాగినవాడికి వాంతులై, రక్తపోటు పడిపోయి, ఊపిరాడక ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు చూసుకుంటూ, తాగే మనిషికి చెప్పి ఇవ్వాల్సిన మందు అది. గుట్టుగా తాగేవాణ్ణి గుట్టుగా బాగుచేయాలని ఆమె చూసింది. ఆమెకు ఆ దారి తప్ప ఇంకోటి కనిపించకుండా చేసింది నేనే.

అయిదో రోజున మా సంఘంలో అందరం పెదనాన్న అని పిలిచే ఒకాయన వచ్చాడు. లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. మంచం పక్కన స్టూలు లాక్కుని కూచుని బత్తాయి వలుస్తూ అడిగాడు.

“ఎన్నేళ్ళ నుంచిరా నాయనా?”

“రెండేళ్ళ నుంచి, పెదనాన్నా.” చావు తప్పి బయటపడ్డాక కూడా నా నోట అబద్ధమే వచ్చింది.

“నాకు తెలిసే పదేళ్ళు దాటింది గదరా.”

“మీకెట్లా తెలుసు?”

“అందరికీ తెలుసు. పాటల్లో నీ పక్కన నిలబడేవాడికి వాసన రాదా?”

నాకు మాట రాలేదు. కాసేపటికి, మరి ఎవరూ అడగలేదే అన్నాను. ఆయన బత్తాయి వలవడం ఆపేశాడు. “అడగలేదు. అది మా పాపం,” అన్నాడు.

పదేళ్ళు నేను కాపాడుకున్న రహస్యం అసలు రహస్యమే కాదు. అందరికీ తెలుసునన్నది నాకొక్కడికే తెలియదు. వాళ్ళు మర్యాదకు ఊరుకున్నారు, నేను పరువుకు దాచాను. ఈ రెంటి మధ్య అలవాటు హాయిగా పెరిగింది.

ఆ మధ్యాహ్నం ఆయన తన కథ చెప్పాడు. సారా తాగి స్తంభం ఎక్కిన రోజులు, జీతం రోజున ఇల్లు చేరని రాత్రులు, భార్యమీద చెయ్యి చేసుకున్న సంగతి. ఆవిడ పోయాక కూడా ఆ చెయ్యి చూసుకుంటే తనకు సిగ్గేస్తుందన్నాడు. వేదికమీద సాక్ష్యాలు నేను వందలు విన్నాను. ఒక పెద్దమనిషి నా ఒక్కడి ముందు కూచుని, తన పాపాన్ని ఉన్నదున్నట్టు చెప్పడం అదే మొదలు. వెళ్ళేటప్పుడు, “ఇంటికొచ్చాక రోజూ సాయంత్రం ఏడింటికి మా అరుగుమీదికి రా. తాగకపోయినా రా, తాగినా రా,” అన్నాడు.

వెళ్ళాను. పెద్దగా ఏమీ జరిగేది కాదు. టీ తాగేవాళ్ళం. ఆ రోజు ఎక్కడ తాగాలనిపించిందో, ఏ వీధి తప్పించుకు తిరిగానో, ఎవరిమీద కోపంతో ఆ షాపు గుర్తొచ్చిందో చెప్పేవాణ్ణి. అన్నీ ఆయనకు చెప్పాలా, దేవుడికి తెలిసినవే గదా అని మొదట్లో విసుక్కునేవాణ్ణి. “ఆయనకు తెలుసురా. నీ నోట నువ్వు వినాలి,” అనేవాడు. తర్వాత ఇద్దరం ప్రార్థన చేసుకునేవాళ్ళం. ఒకరి తప్పులు ఒకరు ఒప్పుకుని ఒకరికోసం ఒకరు ప్రార్థించుకోమని యాకోబు తన పత్రిక చివరి అధ్యాయంలో రాసింది దీన్నే. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చదివానో, ఒక్కసారీ చేయలేదు.

చాలా కాలం తర్వాత, అమెరికాలో ఒహాయో రాష్ట్రం యాక్రన్ పట్నంలో జరిగిన సంగతి చదివాను. 1935 మే నెల. బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి మందు మాని అయిదు నెలలైంది. వచ్చిన పని చెడి హోటల్లో ఒంటరిగా ఉన్నాడు. పక్కనే బారు సందడి. లోపలికి వెళ్ళకుండా గోడనున్న చర్చీల జాబితా చూసి ఫోన్లు చేశాడు, తనలాంటి తాగుబోతు ఒకణ్ణి చూపించమని. బోధకుణ్ణి అడగలేదు, తాగుబోతునే అడిగాడు. అలా డాక్టర్ బాబ్ స్మిత్ అనే తాగుబోతు సర్జన్ దొరికాడు. కాసేపు మాట్లాడదామనుకున్నవాళ్ళు గంటల తరబడి మాట్లాడుకున్నారు. ఆ జూన్ 10 ఆ డాక్టరు ఆఖరిసారి తాగిన రోజు. ఆల్కహాలిక్స్ అనానిమస్ ఆ తేదీ నుంచే తన వయసు లెక్కపెట్టుకుంటుంది. ఆ మొదటి రోజుల్లో వాళ్ళు ఇష్టంగా చదువుకున్నవాటిలో యాకోబు పత్రిక ఒకటి. మా పెదనాన్నకు ఈ పేర్లేవీ తెలియవు. అరుగుమాత్రం ఉంది.

అగస్టీను విషయంలో కూడా అంతే. తోటలో అంజూరపు చెట్టు కింద ఏడ్చిన అగస్టీను అందరికీ గుర్తుంటాడు. ఆ తోటలోనే ఆలిపియస్ అనే స్నేహితుడున్నాడని తక్కువమందికి గుర్తుంటుంది. ఏడవడానికి అగస్టీను పక్కకు వెళ్ళాడు, కానీ తిరిగి ఆలిపియస్ దగ్గరకే వచ్చాడు. ఇద్దరూ కలిసి లోపలికి వెళ్ళి తల్లి మోనికాకు చెప్పారు.

అలవాటును ఒంటరిగా కాక తోడుతో వదలడం మా వైపు మనుషులకు కొత్త పాఠం కాకూడదు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా తాతల తాత వాళ్ళలో ఒకడని మా ఇంట్లో చెప్పుకుంటారు. అక్కడి బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు వాళ్ళకు పెట్టిన నియమాలు మూడు: విగ్రహాలకు మొక్కకూడదు, ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. కరువు కాలంలో, ఆ మాంసమే ఆధారంగా బతికిన మాదిగ పల్లెలకు అది ఎంత బరువైన మాటో ఇప్పుడు మనం ఊహించలేం. తరాల అలవాటును వాళ్ళు వదిలారంటే పల్లె పల్లెగా, కుటుంబం కుటుంబంగా వదిలారు. ఒకడు జారితే పక్కింటివాడికి తెలిసేది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించినప్పుడు ఆ వేడి మా ఊరిదాకా వచ్చింది. మా అమ్మ చీపురు పట్టుకుని వెళ్ళి సారా ప్యాకెట్లు తొక్కి చించింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా పోయింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ రెండేళ్ళూ మా నాన్నకు మందు దొరుకుతూనే ఉంది. వీధిలో అమ్మకు నూరుమంది తోడున్నారు. ఇంట్లో నాన్నకు ఒక్కరూ లేరు. ఆయన్ను తిట్టేవాళ్ళం, లేదా తప్పించుకు తిరిగేవాళ్ళం. ఎదురుగా కూచుని మాట్లాడినవాళ్ళం ఎవరం? నేను మాట్లాడలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన ఏడు నెలలకు నేను మళ్ళీ పడ్డాను. ఆఫీసులో ఒకాయన రిటైర్మెంటు విందు. ఒక్కటే అన్నారు, ఒక్కటే అనుకున్నాను. రాత్రి పదింటికి ఆ అరుగు ముందు నిలబడ్డాను, లోపలికి వెళ్ళే ధైర్యం లేక. పెదనాన్న తలుపు తీసి, వాసన చూసి, లోపలికి రమ్మని అన్నం పెట్టాడు. తిన్నాక పేతురు గురించి చెప్పాడు.

అందరూ విడిచిపెట్టినా నేను విడవనని పేతురు యేసయ్యకు మాటిచ్చాడు. తెల్లారి కోడి కూసేలోపు ఆ మాట మూడుసార్లు పోయింది. బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ బొంకాడు. ప్రభువు లేచాక, సముద్రం ఒడ్డున మళ్ళీ బొగ్గుల మంట. దానిమీద చేపలు, పక్కన రొట్టె. ముందు తినమన్నాడు. తిన్నాక, మిగతా శిష్యులు చుట్టూ ఉండగా, నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు. “ఇంకోసారి బొంకనని ఒట్టెయ్యమన్నాడా? చూడు, ఎక్కడన్నా ఉందేమో,” అన్నాడు పెదనాన్న. నేను ఇంటికొచ్చి యోహాను సువార్త చివరి అధ్యాయం రెండుసార్లు చదివాను. లేదు. ఆయన పేతురు దగ్గర ఒట్టు తీసుకోలేదు. ప్రేమ ఉందా అని అడిగి, గొర్రెలను అప్పగించాడు.

ఆ రాత్రి నాకు అర్థమైంది ఇది. పదకొండేళ్ళు నేను కార్డు వెనక నా మాట రాసి, దాన్నే నమ్ముకున్నాను. ముందువైపున్న మాట చదవనైనా చదవలేదు. క్రీస్తు నన్ను పట్టుకున్నది నా తీర్మానాన్ని చూసి కాదు. నేను పడిన రాత్రి కూడా ఆ పట్టు వదల్లేదని, అన్నం పెట్టిన ఆ ముసలిచేతుల ద్వారా తెలిసింది.

మన సాక్ష్యాల గురించి ఒక మాట చెప్పాలి. ఆ రోజు నుంచి మళ్ళీ ముట్టలేదు అని ముగిసే సాక్ష్యాలు చాలా నిజమైనవే. ఒక్క రాత్రిలో విడుదల పొందినవాళ్ళను నేనెరుగుదును. కానీ వేదికమీద అవి మాత్రమే వినిపిస్తే, కిందటి వారం పడినవాడు వెనక బెంచీలో కూచుని, రక్షణ నాకు అందలేదేమో అనుకుని మెల్లగా రావడం మానేస్తాడు. చేయాలనుకున్న మేలు చేతికి రావడం లేదని పౌలు మొత్తుకున్న రోమా 7వ అధ్యాయం విశ్వాసి గురించా, కాదా అని పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. అగస్టీనే మొదట కాదని, తర్వాత అవునని మనసు మార్చుకున్నాడు. ఆయన బిషప్పయ్యాక, తోటలో ఏడ్చిన రోజుకు పదేళ్ళు దాటాక కూడా, పాత అలవాటు బొమ్మలు కలల్లో వచ్చి బాధిస్తున్నాయని అదే పుస్తకంలో ఒప్పుకున్నాడు. ఒక బిషప్పు అంత మాట రాసి సంఘం చేతికిచ్చాడు. మన వేదికలమీద అటువంటి మాట ఒకటి వినాలని నా ఆశ.

తాగుడు ఒక్కటే కాదు. ఇప్పటి పిల్లలకు షాపుదాకా వెళ్ళే పనే లేదు, ఫోన్ చేతిలోనే ఉంది. రాత్రి దుప్పటి కింద చూసే బొమ్మలు, పందేల యాప్‌లలో పోయే జీతాలు. వాటికి వాసన కూడా రాదు, పక్కవాడు పసిగట్టలేడు. కాబట్టి పెద్దలు ముందు నోరు విప్పాలి. మీకు తెలిసీ ఊరుకుంటున్న మనిషి ఒకడు మీ సంఘంలో ఉంటే, ఈ వారం అతని ఇంటికి వెళ్ళండి. బోధించకండి, కూచోండి. రోజూ తాగే మనిషైతే ముందు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

పెదనాన్న 2018లో పోయారు. ఇప్పుడు ఏడింటికి మా వరండాలో మూడు కుర్చీలు వేస్తాను. ఇద్దరు కుర్రాళ్ళు వస్తారు. ఒకడిది మందు, ఇంకొకడిది ఫోను. నిన్న మందు కుర్రాడు తొమ్మిదింటికి వచ్చాడు, తాగి వచ్చాడు. మా ఇంటావిడ అన్నం పెట్టింది. ఇవాళ ఏడింటికి మళ్ళీ రమ్మన్నాను.